సుద్దగుట్ట పాతరలో ఉక్క

భరణి కార్తె, మొదటి రోజు

ఈ దినచర్య రాసే పని నాకు ఎవరూ ప్రేమగా ఇవ్వలేదు. వియ్యం చట్టం ప్రకారం అతిథి ఊరి తరఫున ఒకరు వీలైనప్పుడల్లా నాలుగు ముక్కలు రాసి సర్కారు ఆఫీసుకు పంపాలి. మా మగవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి అందరూ కలిసి నా మొహం చూశారు. నోరున్నదానికి రాత కూడా వస్తుందనుకున్నారు కాబోలు.

నా పేరు గరికిన పైడితల్లి. మాది పెదగెడ్డపాలెం. ఎక్కడుందని మ్యాపులో వెతక్కండి, అక్కడిప్పుడు నీలం రంగు తప్ప ఏమీ కనబడదు. సముద్రం మొదట రోడ్డు తిన్నది, తర్వాత బడి, తర్వాత మా ఇళ్లు. పొగ గొట్టాలన్నీ ఆర్పేసి నా చిన్నప్పటికే చాలాకాలమైంది. అయినా వేడి దిగలేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నాడట వెనకటికొకడు. మా తాతలు ఆకాశానికి బొగ్గు పొగ తాగించారు. ఆ పొగ వందల ఏళ్లు పోదట. ఆ వాసన చూడ్డానికి మమ్మల్ని మిగిల్చారు.

చట్టానికి సర్కారు పెట్టిన పేరు బారెడు ఉంది. సముద్రం మింగిన ఊరికి ఒక మెట్ట ఊరిని జత చేస్తారు కాబట్టి జనం దాన్ని వియ్యం అంటారు. మాకు ఈ అనంతపురం మెట్టలో సుద్దగుట్ట దొరికింది. మా జాతకాలు కలిపిన గుమస్తా ఎవరో గానీ పదికాలాలు చల్లగా ఉండాలి. పోయిన దసరాకు మేం మూటాముల్లెతో లారీలు దిగేసరికి, ఊరు ఊరంతా నీళ్ల బిందెలతో ఎదురొచ్చింది. నీళ్లకు కటకటలాడే ఊళ్లో బిందెడు నీళ్లంటే ఏమిటో నాకు ఆ రోజు తెలియదు. ఇప్పుడు తెలుసు.

వియ్యంలో రెండు షరతులున్నాయి. ఏడాది పాటు అతిథులు ఇంటివాళ్లకు ఎదురు చెప్పకూడదు. చెబితే ఆ ఏడాది మళ్లీ మొదటి నుంచి లెక్క. అలాగే ఏడాది పాటు ఇంటివాళ్లు అతిథులను నలుగురిలో తప్పు పట్టకూడదు. పడితే ఏడాది చివర ఇవ్వాల్సిన భూమి ఆ రోజే ఇచ్చేయాలి. తొలిరోజుల్లో కొన్నిచోట్ల తలలు పగిలాక రాసిన షరతులట ఇవి. మాకు దసరాతో ఏడాది నిండుతుంది. అప్పుడు గుట్ట వెనక ఉన్న ఉమ్మడి చేను మా ఊరిదవుతుంది.

నాలాంటి దాన్ని ఏడాది నోరు మూసుకోమనడం సముద్రాన్ని అలలు ఆపమన్నట్టే. కానీ ఆపాను.

కృత్తిక కార్తె, రెండో రోజు

ఇవాళ ఎండ సెలవు. పొద్దెక్కగానే సైరను కూసింది, పొలాల్లో ఉన్నవాళ్లు పనిముట్లు అక్కడే వదిలి పాతరకు వచ్చారు. సైరను తర్వాత ఎవరి చేత పని చేయించినా నేరం.

పూర్వం ఈ వైపు ధాన్యాన్ని భూమిలో గొయ్యి తీసి దాచేవాళ్లు. దాన్ని పాతర అనేవాళ్లు. ఇప్పుడు మనుషుల్ని దాస్తున్నారు, పేరు మాత్రం మార్చలేదు. గుట్ట రాతిని తొలిచి కట్టిన పొడవాటి గది అది. ముందు ద్వారానికి గోనె పరదాలు వేలాడతాయి. వాటిని తడుపుతూ ఉంటే ఫ్యాన్లు ఆ తడి గుండా గాలిని లోపలికి లాగుతాయి. వెనక వైపు గుట్ట పైకి పోయే గాలి గూడు ఒకటుంది. చల్లదనం పోకుండా దాని తలుపు వేసి ఉంచుతారు. నేల కింద పెద్ద నీళ్ల తొట్టి ఉంది, వేసవంతా ఊరు తాగేది అందులోని నీళ్లే.

పరదాలు తడిపే పని నాది. నేనే అడిగి తీసుకున్నాను. తిన్న ఉప్పుకు ఏదో ఒకటి చేయకపోతే నాకు నిద్ర పట్టదు.

గోడలకు చెవులుంటాయని సామెత. సర్కారు బిగించిన యంత్రం పుణ్యమా అని ఈ పాతర గోడకు నోరు కూడా ఉంది. ఎన్నింటికి పరదా తడపాలో, ఎవరు నీళ్లు తాగలేదో అదే చెబుతుంది. మేం మాట్లాడేదంతా వింటుంది, అవసరమైంది ఆఫీసుకు పంపుతుంది. మర్యాదకు మాత్రం లోటు లేదు, ప్రతి మాట ముందు ‘మనవి’ అంటుంది.

గోడ పక్కన రెండు థర్మామీటర్లు వేలాడతాయి. ఒకటి మామూలుది. రెండోదాని అడుగు బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ తడి ఆరిపోతూ వేడిని పట్టుకుపోతుంది, అందుకని రెండోదాని పాదరసం ఎప్పుడూ కిందే ఉంటుంది. మన ఒంటి చెమట చేసే పని కూడా అదే. ఆ రెండింటి మధ్య ఎంత ఎడం ఉంటే మనిషికి అంత ఊపిరి. ఇవాళ బోలెడు ఎడం ఉంది. బయట వడగాలి మొహం మాడ్చేస్తుంటే, లోపల మా పరదాల పక్కన పిల్లలు దుప్పటి కావాలని పేచీ పెట్టారు.

ఈ కబుర్లన్నీ నాకు నేర్పింది హనుమక్క. ఈ పాతరను మూడు తరాలుగా చూసుకుంటున్న ఇంటి ఆడపడుచు, డెబ్బై దాటిన మనిషి. ఆ పరదాలు ఆమె చేత్తో కుట్టినవే. మేం వచ్చాక మొదటి ఎండ సెలవునాడు, రాతిగోడ పక్కన తాను ఎప్పుడూ పడుకునే చోటు నాకు ఇచ్చి, తాను ద్వారం దగ్గరికి జరిగింది. వద్దంటే ఎదురు చెప్పినట్టవుతుంది కాబట్టి వద్దనలేదు. ఆ రాతికి వీపు ఆనించి పడుకున్న ప్రతిసారీ ఆమెకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను.

కృత్తిక కార్తె, చివరి రోజులు

ఏదో తేడాగా ఉంది. ఎండ మొన్నటి కంటే తక్కువే, మంట లేదు, ఆకాశం మసకగా ఉంది. ఈ ఊరివాళ్లు హమ్మయ్య అనుకుంటున్నారు. నాకు మాత్రం పొద్దున లేచేసరికి జాకెట్టు వీపుకు అతుక్కుపోయి ఉంది. చెమట పుట్టింది పుట్టినట్టే నిలబడింది.

ఇది నాకు తెలుసు. ఇది వడ కాదు, ఉక్క. మా ఊరి సరుకు. బంగాళాఖాతం కాగిపోయి ఉంది. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని మోయగలదని గోడే ఒకసారి చెప్పింది. ఆ మోత ఇప్పుడు కొండలు దాటి ఇంత దూరం వచ్చినట్టుంది. మా వెంట మా చుట్టం కూడా లారీ ఎక్కి వచ్చిందని మా ఆడవాళ్లతో అంటే నవ్వారు. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

రెండు థర్మామీటర్ల మధ్య ఎడం తగ్గింది. మారెప్పకు చూపించాను. ఆయన పాతర కమిటీ పెద్ద, మెత్తని మనిషి, గోడ మాట జవదాటడు. చల్లదనం తగ్గింది కాబట్టి పరదాలు ఇంకా బాగా తడపాలని గోడ చెబుతోందన్నాడు. సరేనని ఇంకా తడిపాను. వాళ్లు అడిగినదానికి రెట్టింపు చేసి రుణం తీర్చుకుంటున్నానని సంతోషపడ్డాను కూడా. సాయంత్రానికి గోడల మీద నీళ్లు చెమర్చాయి. పడుకున్నవాళ్లంతా బరువుగా ఊపిరి పీలుస్తున్నారు.

మా ఊరి పెద్ద నూకన్నతో చెప్పాను. మా పాలెంలో ఉక్క దిగితే తడిగుడ్డ కట్టేవాళ్లమా, తలుపులు మూసేవాళ్లమా అని అడిగాను. నూకన్న పాతర వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“నాకూ తెలుస్తంది పైడీ. కానీ ఊరుకో. దసరా దాటితే బూమి మనదవుద్ది. ఇప్పుడు నువ్వు నోరిప్పినావంటే ఊరందరికీ మొదటికొస్తాది. గోడ ఇంటాది, మరిసిపోకు.”

తప్పు ఆయనది కాదు. మూడుసార్లు ఇల్లు కట్టుకుని మూడుసార్లు సముద్రానికి ఇచ్చినవాడు. ఒక చోట కాలు ఊనుకుని చచ్చిపోవాలన్నది ఆయన కోరిక. నేను ఊరుకున్నాను.

రోహిణి కార్తె, మొదటి రోజు

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఇవాళ రోళ్లు పగలలేదు, నాని మెత్తబడేలా ఉన్నాయి.

హనుమక్క పొద్దుటి నుంచి తల పట్టుకుని కూర్చుంది. సంగటి ముద్ద సగంలో వదిలేసింది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. నా చేతిలోని చెంబు చూసి, మీరు చాలా శ్రమ పడుతున్నారని, కాసేపు కూర్చోండని మర్యాదగా చెప్పింది. నేను ఆమెకు దగ్గరగా ఉన్న పరదా మీద ఇంకో బిందె పోశాను. ఆమెకు కాస్త చల్లగా ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం తప్పని నా ఒళ్లు చెబుతూనే ఉంది. నేను మాత్రం పోస్తూనే ఉన్నాను.

రోహిణి కార్తె, రెండో రోజు

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దెక్కేసరికి పాతర నిండిపోయింది, రెండూళ్ల జనం. గోడ మళ్లీ మొదలుపెట్టింది: మనవి, పరదాలు తడపండి. మనవి, తలుపులు మూసి ఉంచండి. అన్నం ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టినట్టు ఉంది లోపల. ఇంతమంది ఊపిరిలోని తడి, ఒంటిమీది తడి, నేను పోసే తడి, అంతా అక్కడే తిరుగుతోంది. థర్మామీటర్ల దగ్గరికి వెళ్లి చూశాను. రెండూ ఒకే చోట నిలబడ్డాయి, మధ్యలో ఎడమన్నదే లేదు. అంటే ఇక చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంట్లో వేడికి బయటికి పోయే దారి లేదు. పరదా మీద పోసే ప్రతి బిందే ఆ దారికి అడ్డం పెట్టే రాయి.

వెనక్కి తిరిగేసరికి హనుమక్క పక్కకు ఒరిగిపోయి ఉంది. పిలిస్తే కళ్లు తెరిచి, నన్ను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. మారెప్ప గోడను అడిగాడు. గోడ పరదా తడపమంది. మారెప్ప నా వైపు చూశాడు. నా చేతిలో బిందె ఉంది.

నూకన్న కూడా నా వైపు చూశాడు. వద్దు అన్నట్టు తలాడించబోయి, హనుమక్కను చూసి ఆగిపోయాడు. ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను, ఎందుకంటే ఆ తల ఆయన ఆడించలేదు.

బిందె కింద పెట్టాను.

“నేను తడపను. మారెప్పా, ఇది మీ వడ కాదు, మా ఉక్క. తడిపే కొద్దీ చంపుతాది. పరదాలు దించండి. ఎనకాల గూడు తెరవండి. గోడ చెప్పింది తప్పు.”

 గోడ ఎప్పటిలాగే మర్యాదగా, “మనవి. అతిథి గ్రామం తరఫున ఎదురుమాట నమోదైంది” అంది.

మా వాళ్లలో ఎవరో ఏడవడం వినబడింది. అయిపోయింది, దసరా పోయింది, చేను పోయింది. ఇక దాచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి పరదా పట్టుకుని లాగాను. ముడి ఊడలేదు. రెండు చేతులా పట్టుకుని నిలువునా చించేశాను. మా కుర్రాళ్లు మిగిలినవి దించారు. గాలి గూడు తలుపు ఏళ్లుగా తెరవక బిగుసుకుపోయి ఉంది. నూకన్న భుజం ఆనించి తోశాడు. అది తెరుచుకోగానే లోపలి ఆవిరంతా పైకి లాగేసినట్టయింది. బయటి గాలి వేడిగానే ఉంది, కానీ కదిలే గాలి.

తర్వాత అడిగిందే పెద్ద మాట. తొట్టి నీళ్లు తోడి గాబుల్లో పోయమన్నాను. నేల అడుగున ఉన్న నీళ్లు, రాయిలా చల్లగా ఉంటాయి. గాలికి పోస్తే పనికిరావు, ఒంటికి తగిలితే వేడిని లాక్కుంటాయి. అందరూ వాటిలో కాళ్లూ చేతులూ పెట్టాలని చెప్పాను.

తాగే నీళ్లలో కాళ్లు పెట్టడమా అని ఈ ఊరి ముసలివాళ్లు తెల్లబోయారు. నీటి చుక్క కింద పడితే వేలితో తీసి కళ్లకద్దుకునే మనుషులు వాళ్లు. వాళ్ల మొహాలు చూస్తే నాకు సిగ్గేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. మారెప్ప హనుమక్కను చూశాడు, థర్మామీటర్లను చూశాడు, గోడను చూశాడు. తర్వాత తన తలపాగా విప్పి పక్కన పెట్టి, తొట్టి మూత తానే ఎత్తాడు.

“నీళ్లు మళ్ల వస్తాయి. మనిషి రాదు. తోడండ్రా” అన్నాడు.

చాపలు తీసేసి జనాన్ని బండ నేల మీద ఎడంగా పడుకోబెట్టాం. హనుమక్కను ఆమె పాత చోట, రాతి గోడ పక్కన పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ గాబులో ఉంచి, మెడ మీద చల్లనీళ్లు పోస్తూ కూర్చున్నాను. మా ఆడవాళ్లు వంతులు వేసుకుని విసిరారు. గోడ మనవి మీద మనవి చేస్తూనే ఉంది. పొద్దు వాలాక హనుమక్క నన్ను నా పేరుతో పిలిచింది. అప్పుడు ఏడ్చాను, అంతవరకు తీరిక లేదు.

ఎవరూ పోలేదు. మళ్లీ రాస్తున్నాను, రాయడానికి బాగుంది: రెండూళ్లలో ఎవరూ పోలేదు.

రోహిణి కార్తె, మధ్యలో

ఉక్క ఇంకా వదల్లేదు గానీ మేం దాన్ని పట్టుకోవడం నేర్చుకున్నాం. మారెప్ప చుట్టుపక్కల పాతరలన్నిటికీ ఫోన్లు చేశాడు. కొందరు విన్నారు, కొందరు తమ గోడ అలా చెప్పలేదన్నారు. అలాంటి చోట్లకు మా పాలెం ఆడవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరి వెళ్లి, థర్మామీటర్ల ముందు నిలబెట్టి చూపించి వచ్చారు. నిన్న ఆఫీసు నుంచి కొత్త ఆదేశం వచ్చింది. రెండు థర్మామీటర్లు దగ్గరపడితే పరదా తడపవద్దని ఇకపై అన్ని గోడలూ చెబుతాయి. మెట్ట ప్రాంతంలో ఉక్క దిగుతుందని ఆ నియమాలు రాసిన రోజుల్లో ఎవరూ అనుకోలేదట. వాళ్లను తిట్టబుద్ధి కావడం లేదు. పరదాలూ పాతరలూ కట్టి మమ్మల్ని ఇంతవరకు బతికించింది వాళ్లే కదా.

రెండో కబురూ ఆఫీసు నుంచే వచ్చింది. ఎదురుమాట నమోదైనందున పెదగెడ్డపాలెం అతిథి కాలం ఆ రోజు నుంచి కొత్తగా లెక్కిస్తారు. మారెప్ప కమిటీ తరఫున అర్జీ పెట్టాడు. ప్రాణాలు నిలబెట్టినందుకు అభినందనలు, షరతు మార్చే అధికారం లేదు అని జవాబు.

అంటే వచ్చే ఏడు రోహిణి దాకా మాకు చేను లేదు. ఈ వానలకు ఆ చేలో సుద్దగుట్టవాళ్లే చెనిక్కాయ, అదే మన వేరుశనగ, వేసుకుంటారు. విత్తనాలు కూడా ఒలిచి సిద్ధం చేశారు. వాళ్ల భూమి, వాళ్ల ఇష్టం. నూకన్న నన్ను ఒక్క మాట అనలేదు. చేను గట్టు దాకా నడిచి వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగొచ్చాడు. ఆయన నడక చూసి నాకు అన్నం సయించలేదు.

అదంతా హనుమక్కకు ఎవరు చెప్పారో తెలియదు. మంచం మీది నుంచి ఆ షరతు తనకు మళ్లీ చదివి వినిపించమంది. చదివాను. రెండో షరతు కూడా చదవమంది. అదీ చదివాను. ఊఁ అని అటు తిరిగి పడుకుంది.

మృగశిర కార్తె, మొదటి రోజు

నిన్న సాయంత్రం వాన పడింది. పొద్దున పాతర శుభ్రం చేయడానికి రెండూళ్లవాళ్లం చేరాం. నేను చీపురు పట్టుకుని ఉండగా హనుమక్క వచ్చింది, ఒక చేత్తో కర్ర, ఇంకో చేయి మారెప్ప భుజం మీద. నన్ను దాటుకుని వెళ్లి సరిగ్గా గోడ ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది. ఇన్ని నెలల్లో నాతో ‘మీరు’ అని తప్ప మాట్లాడని మనిషి.

“ఏమ్మే పైడీ! నీకు బుద్ధుండాదా? ముడి ఇప్పేకి చాతగాక, నేను చేత్తో కుట్టుకున్న పరదా నిలువునా చించేస్తివి గదే! చేపలు కోసే చేతులు గదా, గుడ్డ కనపడితే చాలు కోసేయల్లనిపిస్తాదా?”

నేను చీపురు వదిలేశాను. పాతరలో అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆమెకేమైనా మళ్లీ మతి తప్పిందా అని మారెప్పను చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు, మీసం మాత్రం కదులుతోంది.

“మనవి. ఆతిథ్య గ్రామం తరఫున తప్పు పట్టుట నమోదైంది” అంది గోడ. “నిర్ధారణ కోసం మరొక సభ్యుడు చెప్పవలసి ఉంటుంది.”

మారెప్ప ముందుకు వచ్చాడు. పాపం, ఆయనకు తిట్టడం అలవాటు లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నేను నీళ్లు ఎక్కువ వాడానని, గాబులు సరిగా కడగలేదని, తమ ఊళ్లో ఇలాంటివి కుదరవని బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. వెనక నుంచి ఇంకొకామె నా నడక బాగాలేదంది. ఇంకెవరో నేను చేసిన చారు గురించి మొదలుపెట్టారు. గోడ అన్నీ రాసుకుంది. చివరికి, షరతు ప్రకారం గుట్ట వెనక చేను ఈ రోజు నుంచి పెదగెడ్డపాలెం గ్రామానిదని, ఈ సీజను విత్తే హక్కు కూడా వారిదేనని మనవి చేసింది.

నూకన్న అక్కడే బండ మీద కూలబడి, తుండుగుడ్డ మొహం మీద వేసుకున్నాడు. మారెప్ప ఆయన పక్కన కూర్చుని, ఒలిచిన విత్తనాలు తమకు ఇక ఎందుకని, సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మని మెల్లగా చెబుతున్నాడు. ఈ ఏడు ఈ ఊరి పంట అది. వాళ్ల ఇళ్లల్లో దానికి తగ్గట్టు ఏవో ఖర్చులు కూడా అనుకునే ఉంటారు.

నేను హనుమక్క కాళ్లకు దణ్ణం పెట్టబోయాను. ఆమె కర్ర అడ్డం పెట్టింది.

“లెయ్యి, లెయ్యి. నా తిట్లు ఇంగా కాలేదు” అని, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. గోడకు అవసరమైంది ఎప్పుడో అయిపోయింది. ఇక ఇదంతా ఆమె సొంత ముచ్చట. నా జుట్టు ముడి, నా పెద్ద గొంతు, నేను ఎక్కడపడితే అక్కడ ఆరేసే చీరలు, ఒక్కటీ వదల్లేదు.

నేను తల వంచుకుని నిలబడ్డాను. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. మా అమ్మ పోయాక అంత హక్కుగా నన్ను తిట్టినవాళ్లు లేరు.